బొమ్మ అమ్మలేదు, భాష ఇచ్చారు: కాగితం మడతల ఉస్తాద్ యోషిజావా

జపాన్ కళాకారుడు అకిరా యోషిజావా తన జీవితంలో 50,000కు పైగా కాగితం బొమ్మలు సృష్టించారు. ఈ లెక్క ఇంకెవరో వేసింది కాదు, 1989లో ఆయనే చెప్పిన అంచనా. ఎలా మడవాలో బొమ్మలు గీసి, పుస్తకాల్లోకి ఎక్కించినవి మాత్రం అందులో కొన్ని వందలే. అసలు బొమ్మల్ని ఆయన అమ్మకానికి పెట్టలేదు. ప్రదర్శనలకు పంపారు, ఇష్టమైన వాళ్లకు కానుకగా ఇచ్చారు, మిగిలినవి తన దగ్గరే దాచుకున్నారు.

కామర్స్ చదివిన వాళ్ల కళ్లతో చూస్తే ఇది బ్యాలెన్స్ కుదరని ఖాతా. తయారైన సరుకు 50,000. అమ్మకం సున్నా. ముడిసరుకు ఖర్చు ఒక కాగితం ముక్క. పెట్టుబడి మాత్రం ఒక మనిషి నిండు జీవితం. మరి ఇల్లెలా గడిచింది? ఇన్నేళ్ల కష్టం చివరికి ఎవరి ఖాతాలో జమ అయింది?

ఇవి మన ఇళ్లలో కూడా వినపడే ప్రశ్నలే. ఖత్తాతీ నేర్చుకుంటున్న కుర్రాడిని, మెహందీ డిజైన్లలో పేరు తెచ్చుకున్న అమ్మాయిని, స్కెచ్ బుక్ చేతిలోంచి దించని పిల్లాడిని పెద్దవాళ్లు అడిగే మాట ఒకటే. "హునర్ బాగానే ఉంది బేటా, దీంతో రోటీ వస్తుందా?" యోషిజావా జీవితంలో దీనికి ఒక జవాబు దొరుకుతుంది. అది తేలిగ్గా మింగుడుపడే జవాబు అయితే కాదు.

పడవ నుంచి కొంగ దాకా

కాగితం మడవడం తెలియని వాళ్లు మనలో ఎవరూ ఉండరు. వానాకాలంలో పడవలు, క్లాసులో రాకెట్లు, కిరాణా కొట్లో పొట్లాలు... ఇవన్నీ మడతలే. జపాన్‌లో దీన్ని ఒరిగామి అంటారు. ఒరి అంటే మడవడం, కామి అంటే కాగితం. రెండూ కలిస్తే ఒరిగామి.

అక్కడ ఇది చాలా పాత అలవాటు. 1797లోనే కాగితం కొంగలు ఎలా మడవాలో చెప్పే 'సెన్‌బజురు ఒరికాతా' అనే పుస్తకం అచ్చయింది. ఒకే కాగితాన్ని అక్కడక్కడా కత్తిరించి, విడిపోకుండా ఒకదానికొకటి అతుక్కుని ఉన్న కొంగల గుంపుని తయారు చేయడం అందులో కనిపిస్తుంది.

కానీ యోషిజావా చిన్నతనం నాటికి ఒరిగామి అంటే చాలామంది దృష్టిలో పిల్లల ఆట. అమ్మమ్మ దగ్గర అమ్మ నేర్చుకుంటుంది, అమ్మ దగ్గర పిల్లలు నేర్చుకుంటారు. కొంగ, కప్ప, పడవ, టోపీ లాంటివి తరతరాలుగా అవే. వాటిని మొదట ఎవరు కనిపెట్టారో ఎవరికీ పట్టదు. కొత్త బొమ్మ కనిపెట్టడం ఒక పని అవుతుందని, ఆ పని చేసే మనిషిని కళాకారుడు అనాలని అప్పటికి ఎక్కువమందికి తట్టలేదు. ఆ ఆలోచన మారడానికి ముఖ్య కారణం యోషిజావా.

ఫ్యాక్టరీలో జామెట్రీ పాఠం

యోషిజావా 1911 మార్చి 14న తోచిగి ప్రాంతంలోని కామినోకావాలో పుట్టారు. పాడి మీద బతికే రైతు కుటుంబం. 13 ఏళ్లకే టోక్యో వెళ్లి ఫ్యాక్టరీలో పనికి చేరారు. ఇరవై దాటిన కొన్నాళ్లకి అక్కడే డ్రాఫ్ట్స్‌మన్ అయ్యారు. అంటే యంత్రాల డ్రాయింగులు గీసే ఉద్యోగం. కింద పనిచేసే కొత్త కుర్రాళ్లకి జామెట్రీ నేర్పించే బాధ్యత కూడా ఆయన మీదే పడింది. అప్పుడు ఆయన చేతిలోకి తీసుకున్నది చిన్నప్పటి నుంచీ ఇష్టపడ్డ కాగితం మడతల్నే.

కాగితంతో జామెట్రీ ఎలా చెప్పొచ్చో మీరే చేసి చూడొచ్చు. చదరపు కాగితం తీసుకుని ఒక మూలని ఎదుటి మూలకి ఆనించి మడవండి. 45 డిగ్రీల కోణం వచ్చేసింది. ఆ కోణం అంచుల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి మళ్లీ మడిస్తే 22.5 డిగ్రీలు. కోణమానిని అక్కర్లేదు. ఒక బిందువుని తీసుకెళ్లి ఇంకో బిందువు మీద పెట్టి మడిస్తే, ఆ రెండింటి మధ్య దూరాన్ని సరిగ్గా సగం చేసే లంబరేఖ వస్తుంది. అంచుని అంచు మీద పెడితే కోణం రెండు సమభాగాలవుతుంది. బడిలో కంపాస్ పట్టుకుని మనం తంటాలు పడినవన్నీ ఇక్కడ ఒక్కో మడతలో తేలిపోతాయి.

ఈ సంగతిని మన దేశంలో ఒకాయన యోషిజావా పుట్టకముందే పుస్తకంగా రాశారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రభుత్వోద్యోగి అయిన టి. సుందరరావు కాగితం మడతలతో జామెట్రీ నేర్పే ఇంగ్లిష్ పుస్తకాన్ని 1893లో మద్రాసులో అచ్చు వేయించారు. చిన్నపిల్లల కిండర్‌గార్టెన్ కాగితాలతోనే త్రిభుజాలు, బహుభుజులు, వక్రరేఖల దాకా ఆయన వెళ్లారు. జర్మనీ గణిత పండితుడు ఫెలిక్స్ క్లైన్ ఆ పుస్తకాన్ని ప్రస్తావించాక దానికి బయటి దేశాల్లోనూ పేరొచ్చింది. 1901లో అమెరికాలో కూడా అచ్చయింది.

సుందరరావు కాగితం నుంచి లెక్కలకి వెళ్లారు. యోషిజావా లెక్కల నుంచి జంతువుల వైపు వచ్చారు. పిట్ట రెక్క ఏ కోణంలో తెరుచుకుంటుంది, కుక్క కాలు ఎక్కడ వంగుతుంది అని చూసే కన్ను ఆయనకి ఆ డ్రాయింగు బల్ల దగ్గరే అలవడి ఉంటుంది.

ఉద్యోగం వదిలి, గంప పట్టుకుని

1937లో యోషిజావా ఫ్యాక్టరీ ఉద్యోగం మానేశారు. ఇక పూర్తి సమయం ఒరిగామికే. అప్పటికి ఆయన వయసు 26.

ఆ తర్వాత ఇంచుమించు ఇరవై ఏళ్లు పేదరికం. ఆ రోజుల్లో ఆయన ఇంటింటికీ తిరిగి త్సుకుదాని అమ్మేవారు. సముద్రపు నాచు, చిన్న చేపల లాంటివి సోయా సాస్‌లో బాగా ఉడికించి చేసే పదార్థం అది. మనం ఊరగాయ నంజుకున్నట్టు జపాన్ వాళ్లు అన్నంలో నంజుకుంటారు. చేతిలో డ్రాయింగు విద్య ఉన్న మనిషి, జీతం ఉద్యోగం వదులుకున్న మనిషి, వీధుల్లో నంజుడు అమ్ముకుంటూ బతికారు.

మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. సైన్యంలో వైద్య విభాగంలో పనిచేస్తూ హాంకాంగ్‌లో ఉన్నారు. జబ్బుపడి మంచం పట్టిన వాళ్లకి కాస్త ఉల్లాసంగా ఉండాలని కాగితం బొమ్మలు చేసి ఇచ్చేవారు. చివరికి తనే జబ్బుపడి జపాన్ తిరిగి రావాల్సి వచ్చింది. 1944లో ఇసావో హోండా అనే రచయిత తెచ్చిన ఒరిగామి పుస్తకంలో యోషిజావా నమూనాలు కొన్ని చోటు చేసుకున్నాయి. పేరు మాత్రం జనంలోకి వెళ్లలేదు.

మలుపు 1951లో వచ్చింది. 'అసాహి గ్రాఫ్' అనే బొమ్మల పత్రిక, జపాన్ రాశిచక్రంలోని 12 జంతువుల్ని కాగితంతో చేసిపెట్టమని ఆయన్ని అడిగింది. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్, పాము, గుర్రం, గొర్రె, కోతి, కోడి, కుక్క, అడవి పంది. 1952 జనవరిలో ఆ ఫోటోలు అచ్చయ్యాయి. దేశమంతా ఆయన పేరు తెలిసింది. అప్పటికి వయసు 40. ఉద్యోగం వదిలి 14 ఏళ్లు దాటింది.

ఈ 14 ఏళ్లని చాలామంది ఒక్క ముక్కలో చెప్పేస్తారు. "కష్టపడ్డాడు, ఫలితం దక్కింది" అని. పత్రిక నుంచి ఆ పిలుపు రాకపోయి ఉంటే? ఆ ప్రశ్న కూడా అడగాలి. ఆయన నమ్ముకున్నది పిలుపుని కాదు. పొట్ట నింపే పని ఒకటి, మనసు పెట్టే పని ఇంకొకటి అని రెండు ఖాతాలు విడివిడిగా నడిపారు. గంప ఖాళీ అయితే ఆ రోజు బియ్యం వస్తాయి. బొమ్మ కుదరకపోతే ఇంకో కాగితం తీసుకోవచ్చు. కొనేవాడికి నచ్చేలా బొమ్మని తొందరపెట్టాల్సిన అవసరం రాలేదు.

గంజి పెట్టిన లాల్చీ రహస్యం

యోషిజావా ప్రయోగాల్లో అన్నిటికంటే పెద్దది వినడానికి చాలా చిన్నది. కాగితాన్ని తడిపి మడవడం.

కాగితం తడిస్తే పాడవుతుందని మనకి తెలుసు. మరి తడిపి మడవడం ఏంటి? ఇది అర్థం కావాలంటే ఇంట్లో గంజి పెట్టిన లాల్చీని గుర్తు తెచ్చుకోండి. గంజిలో ముంచినప్పుడు బట్ట మెత్తగా ఉంటుంది. ఆరితే అట్టలా నిలబడుతుంది. ఇస్త్రీకి ముందు నీళ్లు చల్లితే మళ్లీ మెత్తబడి, ఎలా మడిస్తే అలా వింటుంది. కాగితంలోనూ ఇదే జరుగుతుంది. చాలా రకాల కాగితాల తయారీలో గంజి లాంటి జిగురు పదార్థం కలుపుతారు. కాగితంలోని సన్నని నార పోగుల్ని అది పట్టి ఉంచుతుంది. కొంచెం తడి తగిలితే జిగురు మెత్తబడి పోగులు కదులుతాయి. ఆరితే కదిలిన చోటే బిగుసుకుపోతాయి.

దీనివల్ల వచ్చే తేడా ఏంటంటే, పొడి కాగితంతో పదునైన గీతలు, చదునైన ముఖాలు మాత్రమే వస్తాయి. ఏనుగు చేస్తే పెట్టెకి తొండం అతికించినట్టు ఉంటుంది. తడి కాగితంతో అయితే గుండ్రటి వీపు, నిండైన పొట్ట, మెత్తగా వంగిన మెడ వస్తాయి. మడత మీద మడత గట్టిగా నొక్కక్కర్లేదు. వేలితో మెల్లగా వంపు తిప్పి, ఆరేదాకా పట్టుకుంటే చాలు. ఆ బొమ్మని చూస్తే మట్టితోనో చెక్కతోనో చేశారా అనిపిస్తుంది.

కాగితం కూడా మారింది. మామూలు ఒరిగామి కాగితం పల్చగా, మన జిరాక్స్ కాగితం కంటే కూడా తేలిగ్గా ఉంటుంది. తడి మడతకి మందపాటి కాగితం కావాలి. మందపాటిది పొడిగా మడిస్తే మడత దగ్గర పగుళ్లిస్తుంది. తడిపితే పగలదు. అంటే నీళ్లు రెండు పనులు చేశాయి. మందపాటి కాగితాన్ని మడతకి ఒప్పించాయి, బొమ్మకి వంపు తెచ్చాయి.

యోషిజావా ఒక బొమ్మని ఒకసారి చేసి వదిలేసే రకం కాదు. చెట్ల మీద కూర్చుని కీచుమని అరిచే సికాడా అనే పురుగు ఉంటుంది కదా, దాని బొమ్మ తనకి నచ్చినట్టు కుదరడానికి ఆయనకి 23 ఏళ్లు పట్టింది. ముందు జంతువుని చూడటం, దాని శరీరం ఎలా కదులుతుందో పట్టుకోవడం, ఆ తర్వాత కోణాలు లెక్క వేసుకోవడం, చివర్లో మడవడం. కాగితం మీద చేయి పడేసరికి సగం పని బుర్రలో అయిపోయి ఉండేది.

చుక్కల గీత, గీత-చుక్క గీత

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1954లో యోషిజావా మొదటి సొంత పుస్తకం వచ్చింది. కొత్త ఒరిగామి కళ అని దాని పేరుకి అర్థం. బొమ్మలకంటే ఎక్కువ కాలం నిలిచిన వస్తువు అందులో ఉంది. అది మడతల్ని కాగితం మీద రాసే పద్ధతి.

అంతకుముందు మడత నేర్పాలంటే మనిషి ఎదురుగా కూర్చోవాలి. పుస్తకాలు ఉన్నా ఒక్కోదాంట్లో ఒక్కో పద్ధతి. చాలావరకు మాటల్లో వివరణ. "పై మూలని కిందికి తెచ్చి, లోపలి నుంచి తిప్పి..." అని చదివితే మూడో వాక్యం దగ్గరే మన చేతులు ఆగిపోతాయి.

యోషిజావా పద్ధతిలో మాటలు దాదాపు అక్కర్లేదు. కాగితాన్ని మన వైపుకి మడిస్తే మధ్యలో లోయలా పల్లం వస్తుంది. దానికి ముక్కలు ముక్కలుగా విరిగిన గీత. వెనక్కి మడిస్తే కొండ శిఖరంలా ఎత్తు వస్తుంది. దానికి గీత, చుక్క, గీత, చుక్క. కాగితం ఎటు కదలాలో చెప్పడానికి బాణం. ఎంత కష్టమైన బొమ్మ అయినా చివరికి కొండలు, లోయల లెక్కే.

అమెరికాలో శామ్యూల్ రాండ్లెట్, ఇంగ్లండ్‌లో రాబర్ట్ హార్బిన్ 1960ల మొదట్లో ఈ గుర్తుల్ని తమ పుస్తకాల్లోకి తీసుకుని, కొన్ని చేర్చి, స్థిరపరిచారు. అందుకే దీన్ని యోషిజావా-రాండ్లెట్ పద్ధతి అంటారు. ఇవాళ బ్రెజిల్‌లో అచ్చయిన ఒరిగామి పుస్తకాన్ని హైదరాబాద్‌లో కూర్చుని, ఆ భాషలో ఒక్క అక్షరం రాకపోయినా, చూసి మడవచ్చు. అకౌంట్స్ చదివినవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. డెబిట్, క్రెడిట్ తెలిస్తే ఏ ఊరి షాపు పుస్తకమైనా చదవగలం కదా, అలాగన్నమాట.

ఈ పద్ధతితో ఇంకో మార్పు కూడా జరిగింది. బొమ్మకి కర్త వచ్చాడు. గీతలతో రాసి, పేరు పెట్టి, సంవత్సరం వేస్తే, ఈ నమూనా ఫలానా వారిది అని చెప్పడానికి ఆధారం ఉంటుంది. తరతరాల అనామక విద్య కాస్తా పేరున్న మనుషుల కళ అయింది.

టోక్యో నుంచి ఆమ్‌స్టర్‌డామ్

1954లోనే ఆయన టోక్యోలో అంతర్జాతీయ ఒరిగామి కేంద్రం స్థాపించారు. మరుసటి ఏడాది, 1955లో, ఆయన బొమ్మలు మొదటిసారి జపాన్ దాటాయి. గెర్షన్ లెగ్‌మన్ అనే అమెరికన్ రచయిత చొరవతో నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో, స్టెడెలిక్ మ్యూజియంలో ప్రదర్శన జరిగింది. ఆధునిక కళకి పేరుపడ్డ మ్యూజియం అది. పిల్లల ఆట అనుకున్నది అక్కడ కళాఖండంగా జనం ముందుకి వచ్చింది. 1958లో న్యూయార్క్‌లో లిలియన్ ఓపెన్‌హైమర్ ఒరిగామి సెంటర్ మొదలుపెట్టారు. 1959లో అదే నగరంలోని కూపర్ యూనియన్ మ్యూజియంలో కాగితం మడతల మీద ప్రదర్శన పెడితే యోషిజావా పనులు కూడా అందులో ఉన్నాయి.

ఆయన్ని చూసి ఈ దారి పట్టినవాళ్లు చాలామంది. అమెరికా కళాకారుడు మైకేల్ లఫాస్ వారిలో ఒకరు. 1996లో ఆయన, రిచర్డ్ అలెగ్జాండర్ కలిసి మసాచుసెట్స్ రాష్ట్రంలోని హేవర్‌హిల్‌లో ఒరిగామిడో స్టూడియో పెట్టారు. వాళ్లు కాగితాన్ని కొనుక్కుని మడవరు. అబాకా లాంటి మొక్కల నారతో, పత్తితో సొంతంగా కాగితం తయారు చేస్తారు. ఏ బొమ్మకి ఎంత మందం, ఏ రంగు, ఎంత గట్టిదనం కావాలో ముందే చూసుకుని గుజ్జు కలుపుతారు. కాగితం నుంచే బొమ్మ మొదలవుతుందన్న యోషిజావా పట్టింపుని వాళ్లు ఒక మెట్టు పైకి తీసుకెళ్లారు.

మరొకరు రాబర్ట్ లాంగ్. లేజర్ల మీద పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త. నాసాకి చెందిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో కూడా చేశారు. 2001లో ఉద్యోగం వదిలి పూర్తిగా ఒరిగామిలోకి వచ్చారు. బొమ్మకి ఎన్ని కాళ్లు, కొమ్ములు కావాలో చెబితే మడతల పటం లెక్కకట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా రాశారు. యోషిజావా 1937లో చేసిన పనే ఆయన 64 ఏళ్ల తర్వాత చేశారు. తేడా ఏంటంటే లాంగ్ బయటికి వచ్చేటప్పటికి ఒరిగామి కళాకారుడు అనే మాటకి ఒక అర్థం ఉంది. యోషిజావా వచ్చినప్పుడు ఆ మాటే లేదు.

మరి రోటీ ఎక్కడి నుంచి?

మొదటి ప్రశ్నకి తిరిగొద్దాం. బొమ్మలు అమ్మలేదు సరే, పేరొచ్చాక ఇల్లెలా గడిచింది? పాఠాలు చెప్పారు. 18 పుస్తకాలు తెచ్చారు. జపాన్ సంస్కృతికి ప్రతినిధిగా దేశాలు తిరిగి ప్రదర్శనలు, తరగతులు నడిపారు. భార్య కియో ఆయన పనుల నిర్వహణ చూసుకుంటూ, పక్కనే ఉండి తనూ పాఠాలు చెప్పేవారు. ఆయన కన్నుమూసే దాకా అలాగే సాగింది. పేరు ఆయనదే బయటికొచ్చింది గానీ, ఆ స్టూడియోని నడిపింది ఇద్దరు.

ఈ పనికి పెద్ద హాలు, ఖరీదైన మెషీన్లు అక్కర్లేదు. బల్ల, వెలుతురు, కాగితం, తడిగుడ్డ ఉంటే సరిపోతుంది. ఖర్చు తక్కువ కాబట్టే పేదరికంలో కూడా ప్రయోగాలు ఆగలేదు. నూనె రంగులో, పాలరాయో అయ్యుంటే అన్నేళ్లు ఆయన తట్టుకునేవారా అన్నది ఆలోచించాల్సిన విషయం. ఖరీదైనది ఒక్కటే, సమయం. దాన్ని ఆయన త్సుకుదాని గంపతో కొనుక్కున్నారు.

నష్టం కూడా చెప్పాలి. 50,000లో కొన్ని వందలే గీతల్లోకి ఎక్కాయంటే, వందలో తొంభై తొమ్మిది బొమ్మలు ఎలా మడిచారో మనకి అందలేదు. అమ్మని బొమ్మ ఇంట్లో భద్రంగా ఉంటుంది. గీయని మడత మాత్రం ఆ చేతులతోనే వెళ్లిపోతుంది. ఉస్తాద్ దగ్గర ఉన్న విద్యంతా షాగిర్దుకి చేరకపోవడం మన కారీగరుల ఇళ్లలోనూ చూస్తున్నదే.

గీతలు ఎవరి సొత్తు?

ఆయన వేసిన దారిలో ఒక కొత్త పేచీ కూడా పుట్టింది. మడతల పటాన్ని గీసి బయటపెడితే దాన్ని చూసి ఎవరైనా మడవచ్చు. మరి దాన్నే పెద్ద పెయింటింగుగా వేసి అమ్మితే? 2011లో అమెరికాలో రాబర్ట్ లాంగ్‌తో సహా ఆరుగురు ఒరిగామి కళాకారులు ఈ ప్రశ్నతోనే కోర్టుకెళ్లారు. తమ మడతల పటాల ఆధారంగా ఒక చిత్రకారిణి చిత్రాలు వేశారని వాళ్ల వాదన. 2013లో ఇరుపక్షాలు రాజీ పడ్డాయి. మూల డిజైన్ ఎవరిదో ఆ చిత్రాలతో పాటు చెప్పడం రాజీలో భాగం.

గమనించాల్సింది ఏంటంటే, ఇందులో తేలింది ముఖ్యంగా పేరు సంగతి. ఇది ఫలానా వాళ్లు కనిపెట్టారు అని చెప్పడం. డిజైన్ గీసినవాడి పేరు ఎక్కడా కనపడకుండా మార్కెట్లోకి వెళ్లిపోయే మెహందీ నమూనాలకి, ఎంబ్రాయిడరీ పువ్వులకి కూడా ఈ మాట వర్తిస్తుంది. సంతకం పెట్టే అలవాటు లేని చోట హక్కు అడగడం కష్టం. మీరు వేసిన డిజైన్ మీద పేరు, తేదీ రాసి ఒక కాపీ దాచుకోండి. దానికి కాగితం ఖర్చు తప్ప ఇంకేమీ కాదు.

మీరూ చేసి చూడండి

తడి మడత ఇంట్లో ప్రయత్నించడం కష్టమేమీ కాదు. స్టేషనరీ షాపులో మందపాటి డ్రాయింగ్ షీటు కొనండి. నోటు పుస్తకం కాగితం వద్దు, చిరిగిపోతుంది. మెత్తటి గుడ్డని తడిపి గట్టిగా పిండి, షీటు రెండు వైపులా తుడవండి. పట్టుకుంటే చల్లగా, తోలులా మెత్తగా ఉండాలి. పైన నీళ్లు మెరుస్తుంటే తడి ఎక్కువైనట్టు, కాసేపు ఆగండి.

చదరంగా కత్తిరించడం తడిపిన తర్వాతే చేయండి. తడిస్తే కాగితం ఒక వైపు ఎక్కువ సాగుతుంది, ఎందుకంటే నార పోగులు అడ్డంగా ఉబ్బుతాయి. ముందే కత్తిరిస్తే మీ చదరం కాస్తా దీర్ఘచతురస్రం అయి కూర్చుంటుంది. మొదటిసారి తక్కువ మడతలున్న బొమ్మ తీసుకోండి, పిట్టో చేపో. మడత దగ్గర గోటితో రుద్దకండి. పని మధ్యలో ఆరిపోతే అక్కడ మాత్రమే తడి వేలితో రాయండి. అయిపోయాక బట్టల క్లిప్పులతో పట్టి ఉంచి, రాత్రంతా ఆరనివ్వండి.

మొదటి బొమ్మ బహుశా వంకరగా వస్తుంది. రెండోది కూడా. సికాడా సంగతి గుర్తుంది కదా.

జమ ఖాతా

1983లో జపాన్ ప్రభుత్వం యోషిజావాకి ఆర్డర్ ఆఫ్ ది రైజింగ్ సన్ పురస్కారం ఇచ్చింది. 2005 మార్చి 14న, సరిగ్గా 94వ పుట్టినరోజు నాడు, ఆయన కన్నుమూశారు. 2012లో అదే తేదీన గూగుల్ తన పేరులోని అక్షరాల్ని ఒరిగామిలో చూపించి ఆయన్ని గుర్తు చేసుకుంది. ఆ అక్షరాల్ని రూపొందించింది రాబర్ట్ లాంగే.

ఆయన ఖాతాలో అమ్మకాలు చివరిదాకా సున్నాయే. మరో పక్క, ప్రపంచంలో ఏ మూల ఒరిగామి పుస్తకం తెరిచినా మొదటి పేజీల్లోనే ఒక విరిగిన గీత, ఒక గీత-చుక్క గీత కనిపిస్తాయి. ఎవరూ వాటికి డబ్బు కట్టరు. రాసిన మనిషి పేరు కూడా చాలామందికి తెలియదు. రోటీ మాత్రం ఆయన ఎప్పుడూ వాటి నుంచి ఆశించలేదు. దానికి వేరే గంప ఉంది.